మునుపటి మనిషి ఎక్కడ? స్వభావం మారినప్పుడు ఒప్పుకోలు చేసే పని

క్లుప్తంగా: మనిషి స్వభావం జీవితమంతా కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. జబ్బు వల్లో, తలకు తగిలిన దెబ్బ వల్లో ఒక్కసారిగా కూడా మారవచ్చు. ఆ మార్పుతో చేసే పోట్లాటే చాలాసార్లు మార్పుకన్నా ఎక్కువగా మనిషిని అలిసిపోయేలా చేస్తుంది. ఒప్పుకోలు, అంటే ఇప్పుడున్న తీరును ఉన్నట్టుగా అంగీకరించడం, ఆ పోట్లాటను తగ్గిస్తుంది. అయితే కారణం తెలుసుకోకుండా ఒప్పేసుకోవడం, చేసే తప్పులకు కూడా దాన్నే సాకుగా వాడుకోవడం, ఈ రెండిటి దగ్గరే అది దారి తప్పుతుంది.

"నువ్వు మునుపటిలా లేవు" అని ఎవరైనా అంటే చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆ మాట తమకు తామే అనుకోవాల్సి వస్తే మాత్రం నవ్వు రాదు. గంటల తరబడి కబుర్లు చెప్పిన మనిషికి ఇప్పుడు ఫోన్ మోగితేనే చిరాకు. దేన్నైనా తేలిగ్గా తీసుకునేవాడికి చిన్న ఆలస్యానికే గుండె దడ. ఎవరేమన్నా సరే అనే మనిషి ఉన్నట్టుండి ముక్కుసూటిగా మాట్లాడటం మొదలుపెట్టి, ఆ రాత్రంతా "ఇది నేనేనా" అని నిద్రపోకుండా ఆలోచించడం. పేరు, ముఖం, ఉద్యోగం అన్నీ అవే ఉంటాయి, లోపలి మనిషి మాత్రం కొత్తగా అనిపిస్తాడు.

చిక్కు మాటతోనే మొదలవుతుంది. తెలుగులో వ్యక్తిత్వం అనే మాటకు మెచ్చుకోలు అంటుకుని ఉంది. "వ్యక్తిత్వం ఉన్న మనిషి" అంటే విలువలు ఉన్నవాడు, నిలకడ ఉన్నవాడు అనే అర్థం చేసుకుంటారు. అందుకే "వ్యక్తిత్వం మారింది" అనగానే ఏదో పతనం జరిగినట్టు వినిపిస్తుంది. సైకాలజీలో ఆ మాటకు మంచీ లేదు, చెడూ లేదు. ఒక మనిషి మామూలుగా ఎలా ఆలోచిస్తాడు, ఎలా స్పందిస్తాడు, నలుగురితో ఎలా మెలుగుతాడు అనే అలవాటైన తీరే వ్యక్తిత్వం. దీన్ని ఎక్కువమంది పరిశోధకులు ఐదు కొలతల్లో చూస్తారు: కొత్తదనం పట్ల ఆసక్తి, పద్ధతిగా పూచీగా ఉండటం, కలుపుగోలుతనం, సౌమ్యత, ఆందోళనపడే గుణం. ఈ వ్యాసంలో స్వభావం అన్నచోటల్లా ఈ అర్థమే తీసుకోవాలి.

అసలు ఎంత మారతాం?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని సామెత. అమెరికన్ సైకాలజిస్టు విలియం జేమ్స్ కూడా 1890లో దాదాపు ఇదే అన్నాడు. ముప్పై ఏళ్లు వచ్చేసరికి మనిషి స్వభావం ప్లాస్టర్‌లా గట్టిపడిపోతుందని, మళ్లీ మెత్తబడదని ఆయన అభిప్రాయం. వందేళ్లకు పైగా ఈ మాట చాలామందికి నిజంగానే తోచింది. తర్వాత ఏళ్ల తరబడి అవే మనుషులను మళ్లీ మళ్లీ కొలిచే అధ్యయనాలు పోగయ్యాక బొమ్మ కాస్త మారింది.

2006లో ఇలాంటి 92 బృందాల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూశారు. వయసు పెరిగే కొద్దీ సగటున మనుషులు మరింత పద్ధతిగా, మరింత నిబ్బరంగా తయారవుతున్నారని, ఈ మార్పు ఎక్కువగా జరిగేది 20 నుంచి 40 ఏళ్ల మధ్యనేనని తేలింది. ప్లాస్టర్ గట్టిపడిందని జేమ్స్ అనుకున్న వయసు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది! అయితే సామెత పూర్తిగా తప్పేమీ కాదు. ఎత్తు ప్రకారం వరుసలో నిలబడిన పిల్లలందరూ ఏటా పెరుగుతారు, కానీ వరుసలో ఎవరి చోటు వాళ్లది ఇంచుమించు అలాగే ఉంటుంది. స్వభావమూ అంతే. అందరిలోకి బిడియస్తుడు యాభై ఏళ్లకు కాస్త చొరవగా మారినా, తన ఈడువాళ్లతో పోలిస్తే ఇంకా బిడియస్తుడిగానే మిగలవచ్చు. 2000లో 152 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఈ వరుస వయసుతో పాటు మరింత స్థిరపడుతుందని కనబడింది.

మరీ ఎక్కువ కాలం తీసుకుంటే మాత్రం ఆ వరుస కూడా చెదిరిపోవచ్చు. స్కాట్లండ్‌లో 1950 ప్రాంతంలో 1,208 మంది పద్నాలుగేళ్ల పిల్లల గుణాలను వాళ్ల టీచర్లతో అంచనా వేయించారు. అరవై ఏళ్లకు పైగా గడిచాక, అందులో 174 మందిని 77 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షిస్తే అప్పటికీ ఇప్పటికీ పోలిక దాదాపు కనిపించలేదు. అప్పుడు కొలిచింది టీచర్లు, ఇప్పుడు చెప్పింది ఆ మనుషులు, వాళ్ల దగ్గరివాళ్లు, కాబట్టి దీన్ని కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా బడిలో ఉన్నప్పటి మనిషిని ముసలితనంలో వెతుక్కోవడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

మార్పు ఒక్కోసారి ఊరందరికీ ఒకేసారి కూడా వస్తుంది. కోవిడ్ కాలంలో అమెరికాలో 7,109 మందిని కొలిచిన అధ్యయనం 2022లో వచ్చింది. 2020లో పెద్దగా తేడా లేదు. 2021, 2022 వచ్చేసరికి కలుపుగోలుతనం, సౌమ్యత, పూచీ తగ్గాయి. మామూలుగా పదేళ్లలో జరిగేంత మార్పు అంత తక్కువ కాలంలో జరిగింది. వయసులో ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. పైకి తేడా చిన్నదే, కానీ "ఆ రెండేళ్ల తర్వాత నేను నేనుగా లేను" అనే మాట ఎందుకు అంతమంది నోట వినిపించిందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇంత మారుతున్నా మారమనే ఎందుకు అనుకుంటాం? దానికి కూడా ఒక అధ్యయనం ఉంది. 2013లో 18 నుంచి 68 ఏళ్ల వయసున్న 19,000 మందికి పైగా మనుషులను గత పదేళ్లలో ఎంత మారారో, రాబోయే పదేళ్లలో ఎంత మారతారో అడిగారు. అన్ని వయసులవాళ్లూ గతంలో చాలా మారామన్నారు, ఇకముందు పెద్దగా మారబోమన్నారు. ప్రతి ఒక్కరూ తాము ఇప్పుడే పూర్తిగా తయారైపోయామని నమ్ముతున్నారన్నమాట. అలా నమ్మిన మనిషికి తర్వాతి మార్పు ఎప్పుడు వచ్చినా పొరపాటుగానే కనిపిస్తుంది.

ఒప్పుకునే ముందు కారణం తేల్చుకోవాలి

ఈ విషయం మీద రాసేవాళ్లు చాలామంది నేరుగా "నిన్ను నువ్వు స్వీకరించు" దగ్గరికి వెళ్లిపోతారు. అది తొందరపాటు. స్వభావంలో మార్పు వచ్చే దారులు వేరువేరు, వాటిలో కొన్నిటికి కావలసింది డాక్టరు.

వయసు, పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, రిటైర్మెంట్ తెచ్చే మార్పు నెమ్మదిగా వస్తుంది, ఎప్పుడు మొదలైందో కూడా చెప్పలేం. పెద్ద దెబ్బ లాంటి ఘటన, అంటే దగ్గరివాళ్ల చావో, విడిపోవడమో, ప్రమాదమో, హింసో తెచ్చేది వేరు. దానికి ముందూ వెనకా అనే గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఘోరమైన అనుభవం తర్వాత స్వభావం నిలకడగా మారిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడిన పాత వర్గీకరణలో ఒక ప్రత్యేక సమస్యగానే గుర్తించారు, కనీసం రెండేళ్లు ఉంటేనే ఆ పేరు పెట్టేవారు. మూడోది శరీరం తెచ్చేది, ఎక్కువగా తప్పిపోయేది ఇదే. థైరాయిడ్ తగ్గితే మనిషి మందకొడిగా, ఏమీ పట్టనట్టు మారవచ్చు, ఎక్కువైతే చిటపటలాడవచ్చు. బి12 లోపం, తలకు దెబ్బ, పక్షవాతం, మెదడు ముందు భాగంలో గడ్డ, కొన్ని రకాల మతిమరుపు జబ్బులు, ఇవన్నీ మొదట స్వభావం మార్పుగానే బయటపడగలవు. మందులూ ఉన్నాయి: స్టెరాయిడ్లు మూడ్‌ను తలకిందులు చేయవచ్చు, పార్కిన్సన్స్‌కు ఇచ్చే కొన్ని మందులు జూదం, విచ్చలవిడి ఖర్చు లాంటి అదుపులేని పనులకు దారితీసిన సందర్భాలు వైద్యంలో బాగా తెలిసినవే. ఇక డిప్రెషన్ అయితే స్వభావం వేషం వేసుకుని వస్తుంది. "నేను ఇప్పుడు ఎవరితోనూ కలవని మనిషిని" అని శాంతంగా ఒప్పుకున్నవాడు నిజానికి వైద్యం లేని డిప్రెషన్‌లో ఉండవచ్చు.

కాబట్టి వారాల్లో వచ్చిన మార్పు, నడివయసు దాటాక కొత్తగా మొదలైన అసభ్యత లేదా జాలి లేకపోవడం, మతిమరుపుతోనో తలనొప్పితోనో కలిసి వచ్చిన మార్పు, కొత్త మందు మొదలుపెట్టాక కనిపించిన మార్పు, నిద్ర అవసరమే లేదన్నంత హుషారు, చావు గురించిన ఆలోచనలు, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్ష. ఒప్పుకోలు తర్వాత.

మనసు ఎందుకు పోట్లాడుతుంది

కారణం తెలిసిందనుకుందాం. మార్పు వెనక్కి పోదని, లేదా ఇప్పట్లో పోదని అర్థమైంది. అయినా మనసు ఊరుకోదు. ఇందులో మూడు విషయాలు కలిసి పనిచేస్తాయి.

మొదటిది పోలిక. ఇవాళ్టి మనిషిని నిన్నటి మనిషితో పోల్చి చూస్తాం, కానీ పోలికకు దొరికేది అసలు నిన్నటి మనిషి కాదు, జ్ఞాపకం కడిగి తుడిచి పెట్టుకున్న మనిషి. "అప్పట్లో ఎంత సరదాగా ఉండేదాన్నో" అనుకునేటప్పుడు ఆ సరదా వెనక అలిసిపోయిన రోజులు, ఎవరినీ కాదనలేక ఒప్పుకున్న పనులు గుర్తుకురావు. ఈ పోటీలో ఇవాళ్టి మనిషి ఎప్పుడూ ఓడిపోతాడు.

రెండోది చుట్టూ ఉన్నవాళ్లు. మనం ఎవరమో మనకు గుర్తుచేసేది సగం వాళ్లే. వాళ్లు ఏ మార్పును పెద్దదిగా చూస్తారనే దాని మీద 2015లో వచ్చిన ఒక అధ్యయనం ఆసక్తిగా ఉంటుంది. మెదడు, నరాలు క్షీణించే మూడు రకాల జబ్బులున్న రోగుల కుటుంబ సభ్యులు 248 మందిని అడిగితే, జ్ఞాపకశక్తి పోయినంత మాత్రాన "ఈయన ఆయన కాదు" అని ఎక్కువగా అనలేదు. నిజాయితీ, దయ, జాలి లాంటి నైతిక గుణాలు మారినప్పుడే మనిషే మారిపోయాడన్నారు. దీన్ని మామూలు జీవితానికి పట్టిచూస్తే ఒక సంగతి తేలుతుంది. మాట తగ్గిందని, హుషారు తగ్గిందని, పార్టీలకు రావడం లేదని తాను పూర్తిగా వేరే మనిషినైపోయానని భయపడేవాళ్లను, వాళ్లలో దయ, నమ్మకం అలాగే ఉన్నంతకాలం, దగ్గరివాళ్లు ఇంకా అదే మనిషిగా చూస్తుండే అవకాశమే ఎక్కువ. లోపలి లెక్కకూ బయటి లెక్కకూ అంత తేడా ఉంటుంది.

మూడోది ఆలోచనను అణచిపెట్టడం. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు బృందం చేసిన ప్రయోగం చాలామందికి తెలుసు. తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు ఆలోచించవద్దని చెబితే అదే పదేపదే తలపుకొచ్చింది, పైగా తర్వాత ఆలోచించవచ్చు అన్నప్పుడు, మొదటినుంచీ ఆలోచించమని చెప్పినవాళ్లకన్నా వీళ్లకే ఎక్కువగా వచ్చింది. "నేను ఇంత టెన్షన్ పడే మనిషిని కాకూడదు" అని రోజుకు పదిసార్లు అనుకునేవాడు టెన్షన్ మీద కాపలా కాస్తున్నట్టే. కాపలా కాసే మనసుకు కావలసిన దొంగ ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాడు. అసలు టెన్షన్ ఒక పొర, టెన్షన్ పడుతున్నందుకు సిగ్గు ఇంకో పొర, ఆ సిగ్గు దాచడానికి మనుషులను తప్పించుకోవడం మూడో పొర. చివరికి మనిషిని ఒంటరి చేసేది మూడోదే.

ఒప్పుకోవడం వేరు, సర్దుకుపోవడం వేరు

ఇక్కడ తెలుగు మాటలు పెద్ద సాయం చేస్తాయి. ఒప్పుకోవడం, సర్దుకుపోవడం, రాజీ పడటం, చేతులెత్తేయడం, ఈ నాలుగూ రోజువారీ మాటల్లో ఒకదాని చోట ఇంకోటి వచ్చేస్తుంటాయి గానీ లోపల జరిగే పని వేరు. సర్దుకుపోవడంలో అసంతృప్తి అలాగే ఉంటుంది, నోరు మాత్రం మూతపడుతుంది. రాజీలో ఏదో ఇచ్చి ఏదో పుచ్చుకుంటాం. చేతులెత్తేయడంలో రేపటి గురించి తీర్పు ఉంది, "ఇక ఇంతే" అని. ఒప్పుకోవడంలో ఉన్నది ఇవాళ్టి గురించిన వాస్తవం ఒక్కటే: "ఇప్పుడు ఇలా ఉంది." బాగుందనీ కాదు, బాగోలేదనీ కాదు, ఎప్పటికీ ఇలాగే ఉంటుందనీ కాదు.

ఈ చిన్న తేడా మీదే కొన్ని చికిత్సా పద్ధతులు నిలబడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపాన్‌లో షోమా మొరిటా అనే డాక్టరు ఆందోళన రోగులకు ఉన్నది ఉన్నట్టుగా ఉండనిచ్చి, చేయాల్సిన పని చేయమని నేర్పాడు. 1980ల నుంచి సైకాలజిస్టు స్టీవెన్ హేస్, ఆయన సహచరులు రూపొందించిన పద్ధతికి (యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ) పేరులోనే అంగీకారం, నిబద్ధత రెండూ ఉన్నాయి. బాధను తప్పించుకోవడానికి చేసే ప్రయత్నాలే జీవితాన్ని ఇరుకు చేస్తాయనేది అందులో మూల సూత్రం. సైకాలజిస్టు మార్షా లైన్‌హాన్ తయారుచేసిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే చికిత్స ఇంకో అడుగు వేసి, ఒప్పుకోవడం, మార్చుకోవడం అనే రెండిటినీ ఒకే తాడుకు రెండు కొసలుగా పట్టుకోమంటుంది.

వీటన్నిటిలో ఈ విషయానికి బాగా దగ్గరగా వచ్చేది ఆర్నాల్డ్ బైసర్ ఆలోచన. ఆయన మంచి టెన్నిస్ ఆటగాడు. వైద్య విద్య ముగించిన కొత్తలో పోలియో సోకి, ఊపిరి కూడా యంత్రంతో తీసుకోవాల్సిన స్థితికి వచ్చాడు, తర్వాత జీవితమంతా చక్రాల కుర్చీలోనే. సైకియాట్రిస్టు అయ్యి 1970లో ఒక చిన్న వ్యాసం రాశాడు. మనిషి తాను కానిదాన్ని అవ్వాలని ప్రయత్నించినప్పుడు మారడు, తాను ఉన్నదే అయినప్పుడు మారతాడు, ఇదీ దాని సారం. వినడానికి వేదాంతంలా ఉంటుంది కానీ ఇందులో గట్టి లెక్క ఉంది. పోట్లాటకు పోయే శక్తి మిగిలితేనే కదా వేరే పనికి దొరికేది.

దీనికి ఆధారాలు? 2018లో వచ్చిన ఒక పరిశోధనలో 1,300 మందికి పైగా మనుషులను ప్రశ్నలతో, ప్రయోగశాలలో, డైరీలతో పరిశీలించారు. తమ చెడు భావాలను తప్పు పట్టకుండా ఒప్పుకునే అలవాటున్నవాళ్లకు ఒత్తిడి ఎదురైనప్పుడు ఆ భావాలు తక్కువగా కలిగాయి, ఆరు నెలల తర్వాత కూడా వాళ్ల మానసిక స్థితి మెరుగ్గా ఉంది. ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మేలు కనిపించింది లోపలి ఆలోచనలను, భావాలను ఒప్పుకున్నందుకు. పరిస్థితులను ఒప్పుకున్నందుకు అలాంటి మేలు కనిపించలేదు. అంటే "ఈ ఆఫీసులో ఈ వేధింపు ఇంతే" అని ఒప్పుకోవడం వేరు, "ఈ వేధింపు వల్ల నేను ఎప్పుడూ ఉలిక్కిపడే మనిషినయ్యాను" అని ఒప్పుకోవడం వేరు. రెండోది ఒప్పుకున్నాకే చాలామంది మొదటిదాన్ని వదిలి బయటపడతారు.

చేతల్లో ఇది ఎలా ఉంటుంది

ఉదాహరణకు ఒకప్పుడు జనం మధ్య వెలిగిపోయిన మనిషి ఇప్పుడు గంట గడిస్తే చాలు నీరసపడిపోతున్నాడనుకుందాం. పోట్లాడే దారిలో అతను మూడు గంటలు బలవంతంగా కూర్చుంటాడు, మధ్యలో చిరాకుపడతాడు, ఇంటికొచ్చి తనను తాను తిట్టుకుంటాడు, వచ్చేసారి ఏదో సాకు చెప్పి అసలు వెళ్లడు. చేతులెత్తేసే దారిలో మొదటిసారే వెళ్లడం మానేస్తాడు. ఒప్పుకున్న దారిలో గంట సేపు వెళ్తాడు, గంటకే లేస్తానని ముందే చెబుతాడు, ఆ గంటలో ఇద్దరితో సరిగ్గా మాట్లాడి వస్తాడు. స్నేహం అతనికి ముఖ్యం అనే విషయం మారలేదు, దాన్ని నిలబెట్టుకునే పద్ధతి మారింది. గుణం మారినా విలువ నిలిచే ఉందా అని చూసుకోవడమే ఇక్కడి కిటుకు.

మాటల్లో కూడా తేడా తెలుస్తుంది. "నేను భయస్తుణ్ణి" అనే మాట పేరు పెట్టేస్తుంది. "ఈ మధ్య నాకు భయం త్వరగా వస్తోంది" అనే మాట గమనిస్తుంది. రెండో వాక్యంలో కాలం ఉంది, కాబట్టి మార్పుకు చోటు కూడా ఉంది. మునుపటి మనిషి పోయినందుకు ఏడుపొస్తే ఏడవడం కూడా ఇందులో భాగమే, దాన్ని దాటేసి నేరుగా ప్రశాంతతకు చేరుకోవాలనుకోవడం ఇంకో రకం పోట్లాట. ఒకసారి ఒప్పుకుంటే అయిపోయే పని కూడా కాదిది. పాత ఫోటో కనబడ్డ రోజున, పాత స్నేహితుడు కలిసిన రోజున మళ్లీ మొదటికొస్తుంది.

ఇంట్లోవాళ్ల సంగతి కాస్త వేరు. మనిషి ఎదురుగానే ఉంటాడు, తెలిసిన మనిషి మాత్రం ఉండడు. పాలిన్ బాస్ అనే పరిశోధకురాలు ఇలాంటి తేలని నష్టం గురించి 1970ల నుంచి రాస్తూ వచ్చారు. చావుకైతే ఓదార్పు, పరామర్శ ఉంటాయి, దీనికి అవేమీ ఉండవు, దుఃఖపడుతున్నామని చెప్పుకోవడానికే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. "నువ్వు మళ్లీ ఎప్పుడు మామూలవుతావు" అనే ప్రశ్న ప్రేమతోనే వస్తుంది, అయినా వినేవాడికి అది ఇప్పటి తనను వద్దన్నట్టే తగులుతుంది. దాని బదులు "ఇప్పుడు నీకు ఏది కష్టంగా ఉంది" అని అడిగితే సంభాషణ ఇవాళ్టి మనిషితో మొదలవుతుంది.

హద్దులు

ఒప్పుకోలు గుణానికి, భావానికి. చేతకు కాదు. "నాకు కోపం త్వరగా వస్తోంది" అనేది ఒప్పుకోవచ్చు, "అందుకే అరిచాను, నేనింతే" అనేది ఒప్పుకోలు వేషంలో ఉన్న సాకు. ఇంట్లోవాళ్లను ఆ కోపం భయపెడుతుంటే వాళ్లు కూడా దాన్ని ఒప్పుకోవాలని ఎక్కడా లేదు.

పైగా మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు కూడా, కొంతమేరకు. 2017లో 207 అధ్యయనాలను కలిపి చూస్తే, చికిత్స లాంటి ప్రయత్నాలతో సగటున 24 వారాల్లో స్వభావ లక్షణాల్లో కొలవగలిగినంత మార్పు వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువ మెరుగుపడింది ఆందోళన విషయంలో. అయితే మారాలనే కోరిక ఒక్కటే చాలదు. 2019లో కాలేజీ విద్యార్థులతో 15 వారాల పాటు చేసిన ప్రయోగంలో, ప్రతి వారం చిన్న చిన్న పనులు ఎంచుకుని వాటిని నిజంగా చేసినవాళ్లే మారారు, ఎంచుకుని వదిలేసినవాళ్లకు మేలు జరగలేదు. తాను ఇప్పుడు ఎక్కడున్నాడో ఒప్పుకోని మనిషి తనకు అందని పనినే ఎంచుకుంటాడు, వదిలేస్తాడు, తిట్టుకుంటాడు. ఒప్పుకోలుకూ మార్పుకూ మధ్య ఉన్న సంబంధం ఇక్కడ తేటగా కనబడుతుంది.

స్వభావం మార్పు గురించి ఎవరు రాసినా ఫినియాస్ గేజ్ పేరు వస్తుంది. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైల్వే లైను పనిలో పేలుడు జరిగి, మూడున్నర అడుగులకు పైగా ఉన్న ఇనుప కడ్డీ అతని చెంప కింద నుంచి దూరి నడినెత్తి మీదుగా బయటికొచ్చింది. బతికాడు, కానీ మాట తీరు మారింది, నిలకడ పోయింది, ఈయన గేజ్ కాదని స్నేహితులు అన్నట్టు అతని డాక్టరు రాశాడు. పాత యజమానులు మళ్లీ ఫోర్‌మన్ ఉద్యోగం ఇవ్వలేదు. పాఠ్యపుస్తకాల్లో కథ ఎక్కువగా అక్కడితో ఆగిపోతుంది. నిజానికి గేజ్ 1852లో చిలీ దేశానికి వెళ్లాడు, అక్కడ ఏళ్ల తరబడి గుర్రపు బళ్లు తోలాడు. వేళకు లేవడం, గుర్రాలను సిద్ధం చేయడం, ప్రయాణికులతో మెలగడం, గతుకుల దారిలో పగ్గాలు పట్టుకోవడం, రోజూ అదే క్రమం. పాత గేజ్ ఎలా ఉండేవాడో అక్కడ ఎవరికీ తెలియదు.